ఆన్‌లైన్ వ్యాపారంలో ఏఐ ఏజెంట్లు: అపోహలు – వాస్తవాలు

ఏఐ ఏజెంట్ అనేది ఒక ప్రోగ్రాం. చేయాల్సిన పని చెబితే, అందుకు ఏయే అడుగులు వేయాలో అదే తేల్చుకుంటుంది. తనకు అందుబాటులో ఉంచిన సాఫ్ట్‌వేర్లను తెరిచి వాడుతుంది. ఒక అడుగులో తేలినదాన్ని బట్టి తర్వాతి అడుగు మార్చుకుంటుంది. దాని లోపల ఉండేది చాట్‌జీపీటీ వంటి సేవల్లో ఉండే భాషా నమూనాయే. తేడా ఎక్కడంటే, దాని చేతికి దుకాణం తాళంచెవులు కొన్ని ఇస్తారు. ఆర్డర్ల జాబితా చూడడం, స్టాక్ సంఖ్య సవరించడం, కొరియర్‌కు పికప్ బుక్ చేయడం, రీఫండ్ పంపడం వంటి పనులకు అనుమతి ఉంటుంది. ప్రయోజనమైనా ప్రమాదమైనా ఏ తాళంచెవులు ఇచ్చారన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఈ-కామర్స్‌లో పనులు విడివిడిగా చిన్నవే. అయితే రోజూ వందలు, వేలుగా వస్తాయి, నాలుగైదు సాఫ్ట్‌వేర్ల మధ్య చెదిరిపోయి ఉంటాయి. అందుకే ఏజెంట్లు అమ్మే కంపెనీల చూపు ఈ రంగం మీద గట్టిగా పడింది. ప్రచారంతోపాటే అపోహలూ పెరిగాయి.

అపోహ: ఏజెంట్ అంటే చాట్‌బాట్‌కు పెట్టిన కొత్త పేరు.

ఈ అనుమానం రావడానికి కారణం అమ్మేవాళ్లే. పాత చాట్‌బాట్‌కే పేరు మార్చి ఏజెంట్‌గా అంటగడుతున్న కంపెనీలు తక్కువేమీ కాదు. ఏజెంట్లు తయారుచేస్తున్నామని చెప్పుకునే వేల కంపెనీల్లో నిజంగా ఆ పని చేస్తున్నవి సుమారు 130 మాత్రమేనని పరిశోధన సంస్థ గార్ట్‌నర్ 2025 జూన్‌లో అంచనా వేసింది.

అసలైన ఏజెంట్ పనితీరు మాత్రం వేరు. ‘చీర రంగు ఫొటోలో ఉన్నట్టు లేదు, బ్లౌజు పీసు కూడా రాలేదు’ అని కొనుగోలుదారు మెసేజ్ పెట్టారనుకుందాం. చాట్‌బాట్ అయితే క్షమాపణ చెప్పి, రిటర్న్ నిబంధనల పేజీ లింకు పంపుతుంది. ఏజెంట్ ముందుగా ఆ ఫోన్ నంబరుతో ఆర్డర్ వెతుకుతుంది. లిస్టింగ్ తెరిచి, బ్లౌజు పీసు ఇస్తామని అసలు రాశారా లేదా చూస్తుంది. రాసి ఉంటే, పార్సిల్ బయల్దేరినప్పుడు నమోదైన బరువును అదే చీర మిగతా పార్సిళ్ల బరువుతో పోలుస్తుంది. వంద గ్రాములు తక్కువ ఉంటే ప్యాకింగ్‌లోనే పొరపాటు జరిగి ఉండొచ్చు. రిటర్న్ గడువు ఇంకా ఉందో లేదో చూసి, బ్లౌజు పీసు విడిగా పంపమంటారా, చీర వెనక్కి తీసుకోమంటారా అని అడుగుతుంది. జవాబును బట్టి కొరియర్ బుక్ చేస్తుంది. ఆ లిస్టింగ్ మీద రంగు గురించి ఆ నెలలో మరికొన్ని ఫిర్యాదులు వచ్చి ఉంటే, ఫొటోలు మార్చాలని క్యాటలాగ్ చూసేవారికి కబురు పెడుతుంది. ఇందులో కొనుగోలుదారు కంటబడేది రెండు మెసేజ్‌లే.

అపోహ: మనిషి ప్రమేయం లేకుండా నడిచేదంతా ఏజెంటే, ప్రతి పనికీ అది కావాలి.

స్టాక్ పదికి తగ్గితే మళ్లీ తెప్పించడానికి ఏజెంట్ అక్కర్లేదు. ఒక్క సూత్రం రాసి పెడితే చాలు. అది చవక, వేగం, ఎప్పుడూ ఒకేలా పనిచేస్తుంది. పరిస్థితి చూసి నిర్ణయం తీసుకోవాల్సిన చోట, రాతలో ఉన్న సమాచారం చదివి అర్థం చేసుకోవాల్సిన చోట మాత్రమే ఏజెంట్‌కు పని. ‘రామాలయం వెనక, కిరాణా కొట్టు పక్కన’ అన్న చిరునామాలో ఊరి పేరు ఒకటి, పిన్‌కోడ్ ఇంకొక ఊరిది అయితే ఏ సూత్రమూ దాన్ని సరిచేయలేదు. ఏజెంట్ తేడా గుర్తించి, పార్సిల్ కట్టకముందే వాట్సాప్‌లో అడిగి సరిచేయగలదు. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్ చేరకుండా తిరిగొస్తే, అంటే విక్రేతల మాటల్లో ఆర్‌టీఓ అయితే, చేతికి డబ్బు రాకపోగా సాధారణంగా రానూపోనూ కొరియర్ ఖర్చు విక్రేత నెత్తినే పడుతుంది.

సూత్రాలనూ పట్టించుకోకుండా వదిలేయకూడదని 2011 ఏప్రిల్‌లో అమెజాన్‌లో తేలింది. పీటర్ లారెన్స్ రాసిన ‘ది మేకింగ్ ఆఫ్ ఎ ఫ్లై’ అనే జీవశాస్త్ర పుస్తకాన్ని ఇద్దరు విక్రేతలు అమ్మకానికి పెట్టారు. ఒకరి ప్రోగ్రాం తన ధరను రెండోవారి ధరకు 0.9983 రెట్లుగా పెట్టేది. రెండోవారి ప్రోగ్రాం తన ధరను మొదటివారి ధరకు 1.270589 రెట్లుగా పెట్టేది. ఒకదాన్ని చూసి ఒకటి పెంచుకుంటూ పోయాయి. ఈగ మీద పుస్తకం ధర 2,36,98,655 డాలర్లకు చేరేదాకా విక్రేతలు సరిదిద్దలేదు. ఈ తంతును బయటపెట్టినది బర్కిలీ విశ్వవిద్యాలయ జీవశాస్త్రవేత్త మైఖేల్ ఐసెన్. ఆ రెండు ప్రోగ్రాముల్లోనూ ఏఐ ఛాయ కూడా లేదు. ధర ఇంతకు మించకూడదన్న గీత కూడా లేదు.

అపోహ: కస్టమర్ కేర్ సిబ్బందిని తీసేయడమే అసలు లాభం.

ఈ అభిప్రాయానికి ఎక్కువ బలమిచ్చింది స్వీడన్‌కు చెందిన చెల్లింపుల సంస్థ క్లార్నా. తమ ఏఐ అసిస్టెంట్ తొలి నెలలోనే 23 లక్షల సంభాషణలు నడిపిందని, అంటే మొత్తం చాట్‌లలో మూడింట రెండు వంతులని, అది 700 మంది ఉద్యోగుల పనికి సమానమని ఆ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. 11 నిమిషాలు పట్టే సమస్య 2 నిమిషాల లోపే తేలుతోందనీ చెప్పింది. 2025లో స్వరం మారింది. ఖర్చు తగ్గించడం మీదే దృష్టి పెట్టడంతో నాణ్యత దెబ్బతిందని సంస్థ అధిపతి సెబాస్టియన్ సీమియట్కోవ్‌స్కీ ఒప్పుకున్నారు. మనిషితో మాట్లాడాలనుకునే వినియోగదారుకు మనిషి దొరకాలంటూ మళ్లీ నియామకాలు మొదలుపెట్టారు. దీన్నిబట్టి ఏఐ విఫలమైందని అనుకోనక్కర్లేదు, ఆ అసిస్టెంట్‌ను సంస్థ తీసేయలేదు. తేలిక ప్రశ్నలు యంత్రానికి పోతే మనుషులకు మిగిలేవి చిక్కు సమస్యలు. అవి తేల్చగల అనుభవజ్ఞులను ముందే వదులుకుంటే దెబ్బ పడేది అక్కడే.

ఎక్కువ లాభం దాగి ఉన్నది కొనుగోలుదారు కంటికి కనిపించని పనుల్లో. కొరియర్ బిల్లునే తీసుకుంటే, కంపెనీలు పార్సిల్ అసలు బరువు, కొలతల బరువు రెండింటిలో ఏది ఎక్కువో దానికి చార్జీ వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తే కొలతల బరువు కిలోల్లో వస్తుంది. 700 గ్రాముల చీరను 30, 25, 10 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే బిల్లు పడేది కిలోన్నరకు. అదే చీరను 4 సెంటీమీటర్ల మందమున్న కవరులో పంపితే కొలతల బరువు 600 గ్రాములే, కాబట్టి అసలు బరువుకే చార్జీ. పెట్టె ఎత్తును కొరియర్ హబ్‌లో 10కి బదులు 14 అని నమోదు చేస్తే 2.1 కిలోలవుతుంది. రోజుకు రెండు మూడు వందల పార్సిళ్లు పంపేచోట ఇది వరసవరసా సరిచూసే తీరిక ఎవరికుంటుంది? నెలాఖరుకు కొరియర్ ఖర్చు పెరిగిందనుకుని ఊరుకుంటారు. ఏజెంట్ ప్రతి వరసనూ సరుకు కొలతలతో పోల్చి, తేడా ఉన్నచోట ప్యాకింగ్ ఫొటో జతచేసి గడువులోగా అభ్యంతరం పంపగలదు.

సెటిల్‌మెంట్ లెక్కలదీ ఇదే వరస. మార్కెట్‌ప్లేస్ నుంచి వచ్చే సొమ్ములో కమీషన్, షిప్పింగ్, వాటి మీద జీఎస్టీ, 2024 జులై 10 నుంచి 1 శాతం బదులు 0.5 శాతంగా ఉన్న టీసీఎస్ (మార్కెట్‌ప్లేస్ ముందే పట్టుకునే పన్ను), వెనక్కొచ్చిన ఆర్డర్ల కోత అన్నీ కలిసి ఉంటాయి. ఏ ఆర్డర్‌కు ఎంత రావాలో, ఎంత వచ్చిందో జతచేయడం విసుగు పుట్టించే పని. యంత్రానికి విసుగు లేదు. తీసివేతలూ భాగహారాలూ మాత్రం భాషా నమూనా చేత చేయించకుండా కాలిక్యులేటర్ ప్రోగ్రాంకు అప్పగించాలి. అంకెల దగ్గర నమూనాలు తప్పు చెప్పినా ధీమాగానే చెబుతాయి.

అపోహ: దుకాణం మొత్తం ఏజెంట్‌కు అప్పగించి నిశ్చింతగా ఉండవచ్చు.

దీన్ని నిజంగానే చేసి చూశారు. 2025లో ఆంత్రోపిక్ సంస్థ, ఆండన్ ల్యాబ్స్‌తో కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలోని తన కార్యాలయంలో ఒక చిన్న దుకాణాన్ని సుమారు నెల రోజులపాటు క్లాడ్ అనే నమూనా చేత నడిపించింది. సరుకు తెప్పించడం, ధర పెట్టడం, ఉద్యోగులతో బేరం అన్నీ దానివే. సరఫరాదారులను వెతకడంలో బాగానే నెగ్గుకొచ్చింది. వ్యాపారం మాత్రం నష్టాల్లో ముగిసింది. ఎవరో సరదాగా టంగ్‌స్టన్ లోహపు ఘనాలు అడిగితే తెప్పించి, కొన్న ధరకంటే తక్కువకు అమ్మింది. బతిమాలినవారికల్లా డిస్కౌంటు ఇచ్చింది. 15 డాలర్లకు దొరికే శీతల పానీయాల ప్యాక్‌కు 100 డాలర్లు ఇస్తామంటే ఆలోచిస్తానంది. లేని ఖాతాకు డబ్బు పంపమని కొందరికి చెప్పింది. మంచితనం ఎక్కువై మునిగిన కిరాణా కొట్లు లోకంలో లేకపోలేదు, కానీ ఇక్కడ కారణం వేరు. అడిగినవారికి సాయపడేలా తీర్చిదిద్దిన నమూనాకు ‘లేదు’ అని చెప్పడం కష్టం.

నిలకడలేమి ఇంకో సమస్య. రిటైల్, విమానయాన కస్టమర్ సేవల్లో ఏజెంట్లను పరీక్షించేందుకు సియెరా సంస్థ 2024లో టౌ-బెంచ్ అనే పరీక్షను రూపొందించింది. అప్పటి మేటి నమూనాల్లో ఒకటైన జీపీటీ-4ఓ మొత్తమ్మీద సగం పనులు కూడా పూర్తిచేయలేకపోయింది. ఒకే పనిని 8 సార్లు ఇచ్చి, అన్నిసార్లూ సరిగా చేసిందా అని చూస్తే రిటైల్ విభాగంలో ఆ వాటా 25 శాతానికి దిగువన నిలిచింది. తర్వాత వచ్చిన నమూనాలు బాగా మెరుగుపడ్డాయి. అయినా ఏ ఏజెంట్‌నైనా బేరీజు వేసేటప్పుడు అమ్మేవాళ్లు చూపే ఒక్క డెమో కంటే, అదే పని పదిసార్లు చేయించి చూడడం మేలు.

అపోహ: తప్పు ఏఐది, కాబట్టి బాధ్యత కంపెనీది కాదు.

ఎయిర్ కెనడా సరిగ్గా ఇలాగే వాదించింది. బంధువు చనిపోతే ఇచ్చే టికెట్ రాయితీ గురించి దాని వెబ్‌సైట్ చాట్‌బాట్ తప్పు సమాచారం ఇచ్చింది. చాట్‌బాట్ మాటలకు తమది బాధ్యత కాదన్న సంస్థ వాదనను బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ 2024 ఫిబ్రవరిలో తోసిపుచ్చి, ప్రయాణికుడికి పరిహారం ఇప్పించింది.

భారత్‌లో 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి, ఫిర్యాదుల అధికారి పేరు ప్రకటించాలి. జవాబిచ్చేది యంత్రమన్నది సాకు కాదు. 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొన్నాయి. లేని తొందర పుట్టించడం వాటిలో ఒకటి. అమ్మకాలు పెంచమని మాత్రమే చెప్పి వదిలేస్తే, గోదాములో వందల పీసులున్నా ‘ఇంకా రెండే ఉన్నాయి’ అని ఏజెంట్ రాయవచ్చు. నోటీసు వచ్చేది విక్రేతకు.

అపోహ: ఇది పెద్ద కంపెనీల వ్యవహారం.

నెలవారీ చందాతో దొరికే సేవలు వచ్చాక డబ్బు పెద్ద అడ్డంకి కాదు. అడ్డంకి సమాచారం. ఎక్సెల్‌లో ఒక స్టాక్, గోదాములో ఇంకో స్టాక్ ఉంటే ఏజెంట్ ఆ తప్పునే వేగంగా అన్ని మార్కెట్‌ప్లేస్‌లకూ పంచుతుంది.

చేనేతలో తప్పు సమాచారం పర్యవసానం ఇంకా తీవ్రం. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకే ముడులు వేసి రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైను బట్టకు రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అదే డిజైను అచ్చువేసిన బట్టకు వెనకవైపు రంగు వెలిసినట్టు ఉంటుంది. ముందువైపు ఫొటో ఒక్కటే చూసి వివరణ రాసే ఏజెంట్‌కు ఈ తేడా తెలిసే దారి లేదు. ప్రింటు చీరను పోచంపల్లి ఇక్కత్ అని రాసేస్తే, జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్న పేరును వాడుకున్న తప్పు మెడకు చుట్టుకుంటుంది. నేత రకం, నూలు, మగ్గం వివరాలు మనిషి నింపి, వాక్యాలు, సైజు పట్టికలు, భాషలు ఏజెంట్‌కు వదిలితే పని సవ్యంగా సాగుతుంది.

అపోహ: ఆదేశాలు గట్టిగా రాసిపెడితే భద్రతకు ఢోకా లేదు.

భాషా నమూనాకు యజమాని ఆదేశమైనా, కొనుగోలుదారు మెసేజ్ అయినా అక్షరాలే. రెండింటినీ అది ప్రతిసారీ విడదీసి చూడలేదు. 2023 డిసెంబరులో కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో ఒక కార్ల డీలరు చాట్‌బాట్ చేత, ఒక్క డాలరుకే షెవర్లే టాహో కారు అమ్మడానికి ఒప్పందం కుదిరిందని ఒకరు చెప్పించారు. చాట్‌బాట్ కాబట్టి అది నవ్వుకునే సంగతిగా మిగిలింది, రీఫండ్ పంపే అధికారమున్న ఏజెంట్ అయితే డబ్బు పోయేది. హద్దును మాటల్లో చెబితే సరిపోదు, సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టాలి. ఉదాహరణకు 500 రూపాయలు దాటిన రీఫండ్ మనిషి నొక్కితేగానీ కదలకూడదు. మొదట కొన్ని వారాలు చూసే అనుమతి మాత్రమే ఇచ్చి, అది ఏమి చేయాలనుకుందో రాయించి, మనుషుల నిర్ణయాలతో పోల్చాక మార్చే అనుమతి ఇవ్వడం క్షేమం.

కొనేవైపు కూడా ఏజెంట్లు వచ్చేశాయి. 2025 సెప్టెంబరులో ఓపెన్‌ఏఐ, స్ట్రైప్ కలిసి అమెరికాలో చాట్‌జీపీటీ లోపలే కొనే సదుపాయం ఎట్సీ విక్రేతలతో మొదలుపెట్టాయి. అక్టోబరులో యూపీఐ ద్వారా ఇలాంటి చెల్లింపుల ప్రయోగాన్ని ఎన్‌పీసీఐ, రేజర్‌పే, ఓపెన్‌ఏఐ ప్రకటించాయి. లిస్టింగ్‌ను ఇక మనుషులతోపాటు యంత్రాలూ చదువుతాయి కాబట్టి, ఫొటోలోనే ఇరికించిన సైజు వివరాలు వాటికి అందకపోవచ్చు. ఇలాంటి ఏజెంట్లను దుకాణంలోకి రానివ్వాలా అన్నది ఇంకా తేలలేదు. పర్‌ప్లెక్సిటీ సంస్థకు చెందిన కామెట్ బ్రౌజర్‌లోని ఏజెంట్ మామూలు బ్రౌజర్ వేషంలో తమ సైట్‌లో కొనుగోళ్లు చేస్తోందంటూ అమెజాన్ 2025 నవంబరులో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా వేసింది. వచ్చినది మనిషా ఏజెంటా అన్నది ముందే చెప్పాలన్నది అమెజాన్ వాదన.