ఫార్మాట్ కొట్టే ముందు కాయితాలు పైలం

ఇంట్ల కంప్యూటర్ మంచిగనే నడుస్తుంటది. అయినా "పాతదైపోయింది, కొత్తది కొనుక్కోండ్రి" అనే మాట ఈ నడుమ ఎక్కువ ఇనవడుతున్నది. దానికో కారణమున్నది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తోని మామూలు మద్దతు బంద్ పెట్టింది. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాంక సేఫ్టీ అప్‌డేట్లు ఇస్తమన్నది. విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎం 2.0 అనేది ఉండాలె, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు 8వ తరంది ఉండాలె. 2015, 2016లల్ల కొన్న మిషన్లు ఈ లెక్కకు అందయి.

అట్లని పారేయాల్సిన పని లేదు. లైనక్స్ మింట్, ఉబుంటు లాంటివి పైసా తీసుకోకుంట దొరుకుతయి. మింటైతే 4 జీబీ ర్యామ్ ఉన్న మిషన్ల గూడ నడుస్తది. బ్యాంకు, ఇన్‌కమ్ ట్యాక్స్, జీఎస్టీ వెబ్‌సైట్లు ఫైర్‌ఫాక్స్‌ల, క్రోమ్‌ల తెరుచుకుంటయి. నేను లైనక్స్ వాడుండ్రి అనేటోన్నే. కానీ ముందుగాల లెక్కల కాయితాలు, తర్వాతనే లైనక్స్. ఈ వరుస తప్పితే మిషన్ బతుకుతది గానీ ఇంటి లెక్కలు పోతయి.

మన మేడ్చల్, శామీర్‌పేట దిక్కు ఈ మాటకు బరువెక్కువ. ధరణి పోర్టల్ మొదలైందే మన మూడుచింతలపల్లిల, 2020 అక్టోబర్ 29న. 2025 ఏప్రిల్ల దాని జాగల భూభారతి వచ్చింది. పోర్టల్ మారినా, అప్పట్ల పెట్టుకున్న అర్జీ రసీదు, కట్టిన చలానా, దించుకున్న పాసుబుక్కు కాపీ మన కంప్యూటర్లనే ఉంటయి. గుంట భూమికి గూడ కొట్లాట నడిచే కాడ, అంతాయిపల్లి కలెక్టరేట్ల నిలవడి మాట్లాడాలంటే చేతుల ఆ కాయితమే ఉండాలె.

దుకాణం నడిపేటోళ్లకు చట్టం గూడ ఉన్నది. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, వార్షిక రిటర్న్ గడువు తారీఖు నుంచి 72 నెలలు లెక్కల పుస్తకాలు దాచాలె. 2023–24 లెక్కకు గడువు 2024 డిసెంబర్ 31. అంటే 2030 డిసెంబర్ దాంక అవి భద్రంగ ఉండాలె. అప్పీలో కేసో నడుస్తుంటే ఇంకా ఎక్కువ కాలం. "ఫార్మాట్ కొట్టినం సార్, పోయినయ్" అంటే అధికారి ఒప్పుకోడు.

మరి ఎట్ల చేయాలె? మొదాలు ఉన్నయాన్ని రెండు కుప్పలు చేయుండ్రి. మళ్లా దొరికేటియి ఒక కుప్ప: ఐటీ రిటర్న్ రసీదులు, 26ఏఎస్, పీఎఫ్ పాసుబుక్కు, ఈసీ. ఇవి ఆయా వెబ్‌సైట్ల నుంచి మళ్లా తీసుకోవచ్చు. మళ్లా దొరకనియి ఇంకో కుప్ప: అగ్రిమెంటు స్కాన్లు, కిరాయి లెక్కలు, చిట్టీ రాసుకున్న ఎక్సెల్, అప్పు తీర్చిన రసీదు ఫొటో, టాలీ డేటా. పానం పెట్టి చూసుకోవాల్సింది ఈ రెండో కుప్పను. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ మాత్రమే చూసి వదిలిపెట్టకుండ్రి. టాలీ తన డేటాను వేరే ఫోల్డర్ల పెట్టుకుంటది.

రెండోది, ఫైల్ ఉన్నంత మాత్రాన తెరుచుకుంటదని కాదు. టాలీ డేటా టాలీలనే తెరుచుకుంటది, టాలీ విండోస్ కోసం చేసింది. అందుకే బ్యాకప్ ఒక్కటే సాలదు. ప్రతి ఏడాది డే బుక్కు, లెడ్జర్లు, ట్రయల్ బ్యాలెన్సు పీడీఎఫ్‌ల, ఎక్సెల్ల తీసి పెట్టుకోండ్రి. రోజూ టాలీ మీద పనున్నోళ్లు ఆ ఒక్క మిషన్‌ను విండోస్‌ల ఉంచుడే మంచిది. అను ఫాంట్ల టైపు చేసిన అగ్రిమెంట్లు ఆ ఫాంట్ లేని కాడ పిచ్చి గీతల లెక్క కనవడతయి. వాటిని పాత మిషన్లనే పీడీఎఫ్ చేసి పెట్టుకోండ్రి. ఎక్సెల్ ఫైళ్లు లిబ్రే ఆఫీస్‌ల తెరుచుకుంటయి, కానీ మాక్రోలు ఉన్నయి సరిగ్గ నడువకపోవచ్చు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఉన్నోళ్లు దానికి లైనక్స్ డ్రైవర్ ఉన్నదా అని ముందే అడుగుండ్రి.

మూడోది తాళం చెవులు. బ్రౌజర్ల దాచిన పాస్‌వర్డ్‌లు ఫార్మాట్‌తోనే పోతయి, బయటికి తీసి పెట్టుకోండ్రి. డిస్క్‌కు బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ కాయితం మీద రాసుకోండ్రి. అది లేకపోతే డిస్క్ చేతుల ఉన్నా లోపలున్నది చూడలేరు.

నాలుగోది, నకలు రెండు చోట్ల పెట్టుండ్రి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుల ఒకటి ఇంట్ల, ఇంకోటి వేరే ఊర్ల నమ్మకస్తుల ఇంట్ల. మేడ్చల్ల మీరుంటే శామీర్‌పేటల బిడ్డ ఇంట్ల పెట్టుండ్రి. కాపీ అయిందని సంబురపడకుండ్రి. ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు పెట్టి, ఏడాదికో పది ఫైళ్లు తెరిచి చూడుండ్రి. ఎక్సెల్ మొత్తం పాత మిషన్ల ఎంతున్నదో, ఈడ గూడ అంతే రావాలె. తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అని నేననను.

ఇప్పుడు లైనక్స్ ముచ్చట. మొదాలు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, డిస్కును ముట్టుకోదు. ప్రింటర్ నడుస్తున్నదా, వైఫై పడుతున్నదా, తెలుగు టైపింగ్ వస్తున్నదా, మీ బ్యాంకు తెరుచుకుంటున్నదా అన్నీ చూసుకోండ్రి. నచ్చినంక గూడ పాత డిస్కును తుడువకుండ్రి. చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి కొని, పాత డిస్కును పూర్తిగ ఊడదీసి, కొత్తదాని మీద లైనక్స్ ఎక్కించుండ్రి. పాతది లోపలుంటే, ఎక్కించేటప్పుడు ఒక్క బటన్ తప్పు నొక్కితే అదే తుడుచుకపోతది. బయటికి తీసిన డిస్కు మీద తారీఖు రాసి బీరువల పెట్టుండ్రి. ఎస్ఎస్‌డీకి పెట్టిన పైసలు మిషన్ జల్దీ నడువనీకి గూడ పనికొస్తయి.

ఆ తర్వాత ఒక ఏడాది లెక్క మొత్తం, రిటర్న్ వేసేదాంక, లైనక్స్ మీదనే నడిపి చూడుండ్రి. మధ్యల ఏదన్న ఫైల్ కావాల్నంటే బీరువల డిస్కు ఉండనే ఉన్నది.

ఇండ్ల నాకు ఇంకో మాట గూడ తోస్తది. ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్లనే తెరుచుకునే లెక్క, మనం రాసుకున్నదైనా పూర్తిగ మనది కాదు. ఆ కంపెనీ తారీఖు పెట్టి బంద్ అంటే మనం ఉరకాల్సొస్తది. పీడీఎఫ్‌ల, అందరికీ తెరుచుకునే ఫైళ్లల్ల దాచుకుంటే, రేపు లైనక్స్ పోయి ఇంకోటొచ్చినా మన లెక్క మనకు అందుతది. అందుకే లైనక్స్‌కు మారాలనుకున్నా, విండోస్‌ల ఉండాలనుకున్నా, వచ్చే ఆదివారం ఆ రెండో కుప్పను సర్దుడు షురూ చేయుండ్రి.