గుమ్మం ముందుకొచ్చే అప్పు.. డ్వాక్రా సంఘం అప్పు: అసలు తేడా ఎక్కడ?

ఆధార్ కార్డు, ఫొటో ఇస్తే చాలు.. ఇంటి దగ్గరికే వచ్చి అప్పు ఇస్తామంటాయి మైక్రో ఫైనాన్స్ కంపెనీలు. డ్వాక్రా సంఘంలో అయితే నెలనెలా పొదుపు కట్టాలి, మీటింగ్‌కు వెళ్లాలి, తీర్మానం రాయించాలి. రెండు చోట్లా తాకట్టు అడగరు. రెండు చోట్లా గ్రూపు ఉంటుంది. మరి తేడా ఏంటి? వడ్డీ ఎవరి చేతికి వెళ్తోంది, నిర్ణయం ఎవరిది అన్నదే అసలు విషయం.

2010లో ఏం జరిగింది?

అప్పట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకే ఇంటికి నాలుగైదు కంపెనీలు అప్పులిచ్చిన సందర్భాలున్నాయి. ఒక కిస్తీ కట్టడానికి ఇంకో అప్పు. వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు చేసుకున్నారన్న ఆరోపణలతో రాష్ట్రం అట్టుడికింది. దీంతో 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వారం వసూలు కుదరదని, ఇళ్ల మీదికి వెళ్లకుండా పంచాయతీ ఆఫీసు లాంటి చోటే డబ్బు తీసుకోవాలని చెప్పింది. కంపెనీల వసూళ్లు ఒక్కసారిగా పడిపోయాయి. కొత్త అప్పులూ ఆగిపోయాయి.

కానీ కంపెనీలు తగ్గినంత మాత్రాన జనం అవసరం తగ్గదు కదా! ఆస్పత్రి ఖర్చు వచ్చినా, స్కూలు ఫీజు కట్టాలన్నా డబ్బు ఆ పూటే కావాలి. సంఘాలు వెనకబడింది ఇక్కడే. ఆ లోటు తీర్చడానికే 2011లో స్త్రీనిధి మొదలైంది. అప్పు 48 గంటల్లో అందించాలన్నది దాని లక్ష్యం.

సంఘంలో వడ్డీ ఏమవుతుంది?

సాధారణంగా 10 నుంచి 20 మంది మహిళలు కలిసి సంఘం పెట్టుకుంటారు. పొదుపు డబ్బును తమలో తాము అప్పుగా తిప్పుకుంటారు. ఆ వడ్డీ తిరిగి సంఘం నిధిలోకే చేరుతుంది. ఎవరికి ముందు ఇవ్వాలో సభ్యులే తేలుస్తారు. 1992లో నాబార్డ్ మొదలుపెట్టిన కార్యక్రమంతో సంఘాలకు బ్యాంకు అప్పులకూ దారి దొరికింది. కంపెనీ గ్రూపులో పూచీ మహిళలదే, లాభం మాత్రం కంపెనీది.

అలాగని సంఘాల్లో లోపాలు లేవనలేం. పుస్తకాలన్నీ లీడర్ చేతిలోనే ఉండిపోతే లెక్క ఎవరికీ తెలియదు. రుణమాఫీ హామీలు విని కిస్తీలు ఆపేస్తే, మళ్లీ బ్యాంకులో అప్పు పుట్టడం కష్టమవుతుంది.

‘రెండు రూపాయల వడ్డీ’ వెనక లెక్క

రూ.10,000 అప్పు, నూటికి నెలకు రూ.2 వడ్డీ అనుకుందాం. ఏడాదికి రూ.2,400. అంటే 24 శాతమే కదా అనిపిస్తుంది. కానీ నెలనెలా అసలు కడుతూ తగ్గిస్తున్నా, వడ్డీ మాత్రం మొత్తం రూ.10,000 మీదే వేస్తే? అసలు రేటు 40 శాతం దాటిపోతుంది. అందుకే ‘మిగిలిన అసలు మీదే వడ్డీ వేస్తారా?’ అని ముందే అడగాలి.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

2022 ఏప్రిల్ నుంచి ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఏడాదికి రూ.3 లక్షల వరకు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రో ఫైనాన్స్ అప్పు.

* కుటుంబం కట్టే కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు.
* ముందే తీర్చేస్తే పెనాల్టీ వేయకూడదు.
* వసూలు కోసం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు.
* బెదిరింపులు, బూతులు అస్సలు కుదరవు.

అయితే వడ్డీకి ఇంతకు మించకూడదనే పరిమితిని ఇదే నిబంధనల్లో తీసేశారు. మరీ ఎక్కువ ఉండకూడదని మాత్రమే చెప్పారు. అంటే రేటు చూసుకోవాల్సిన బాధ్యత అప్పు తీసుకునేవాళ్ల మీదే ఎక్కువగా పడింది. సంఘంలో ఆ రేటు మీద మాట్లాడే హక్కు సభ్యులకు ఉంది. మీటింగ్‌కు వెళ్లి, పుస్తకం తెరిపించి చూసినప్పుడే ఆ హక్కు పనికొస్తుంది.