టేపు కోసం ఫైలు: ఏ కోడెక్ ఎంచుకోవాలి?

ఎడిటింగ్ గదిలో నున్నగా కనిపించిన సూర్యాస్తమయం, టీవీలో ప్రసారమయ్యేసరికి మెట్లు మెట్లుగా రంగు పట్టీలతో కనిపిస్తే నింద ముందుగా కెమెరా మీద పడుతుంది. చాలాసార్లు తప్పు చివరి అడుగులో జరుగుతుంది. అది ప్రసార టేపు తయారీకి ముందు ఎంచుకున్న కోడెక్‌ది. దృశ్య సమాచారాన్ని కుదించి, మళ్లీ విప్పే పద్ధతే కోడెక్.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు ఉన్నదున్నట్లు టేపు మీదకు వెళ్లదు. కంప్యూటర్ దాన్ని పూర్తిగా విప్పి, ఎస్‌డీఐ కేబుల్ ద్వారా కుదించని సిగ్నల్‌గా పంపుతుంది. టేపు యంత్రం ఆ సిగ్నల్‌ను తన సొంత పద్ధతిలో మళ్లీ కుదిస్తుంది. జిరాక్స్ కాపీకి మళ్లీ జిరాక్స్ తీసినట్టే! మొదటి కాపీలో పోయిన గీత రెండో దానిలో తిరిగి రాదు.

అందుకే ముందు అడగాల్సింది టేపు గురించి. సోనీ 1997లో తెచ్చిన హెచ్‌డీక్యామ్ ఒక్కో రంగుకు 8 బిట్లు, అంటే 256 ఛాయలే రాస్తుంది. 2003 నాటి హెచ్‌డీక్యామ్ ఎస్ఆర్ 10 బిట్లు, అంటే 1024 ఛాయలు రాస్తుంది. ఇంటర్నెట్ వీడియోలకు వాడే హెచ్.264 ఫైలులో సాధారణంగా 8 బిట్లే ఉంటాయి, రంగు వివరాలు నాలుగింట ఒక వంతుకు తగ్గిపోతాయి. అలాంటి ఫైలును ఎస్ఆర్ టేపుకు ఇస్తే, ఖరీదైన టేపు పట్టీలను మాత్రం ఎంతో నమ్మకంగా భద్రపరుస్తుంది.

అలాగని అసలు కుదించకుండా ఇస్తే? 1920×1080 దృశ్యం, సెకనుకు 25 ఫ్రేములు, 10 బిట్లు అనుకుంటే, సెకనుకు దాదాపు 104 కోట్ల బిట్లు. గంట కార్యక్రమానికి సుమారు 470 జీబీ. డిస్కు ఆ వేగాన్ని అందుకోలేక ఒక్క ఫ్రేము జారినా రికార్డింగ్‌ను సరిచేసుకోవాల్సిందే. ప్రోరెస్ 422 హెచ్‌క్యూ, 10 బిట్ల డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీ వంటి మధ్యంతర కోడెక్‌లలో అదే గంట 85 జీబీ లోపే సరిపోతుంది. ఇవి ప్రతి ఫ్రేమునూ విడిగా కుదిస్తాయి, కంటికి తేడా దాదాపు తెలియదు. మామూలు కార్యక్రమాలకు ఇదే సరైన దారి. నున్నటి రంగుల గ్రాఫిక్స్ ఎక్కువగా ఉండి, వేగమైన డిస్కులు అందుబాటులో ఉంటే కుదించనిదే మేలు.

కోడెక్ సరిగ్గా ఉన్నా చిత్రం కుదుపులతో కనిపిస్తే ఫీల్డుల వరుస చూడాలి. మన పాల్ విధానంలో సెకనుకు 50 ఫీల్డులు. డిజిటల్ బీటాక్యామ్ టేపుకు పై ఫీల్డు ముందు రావాలి, డీవీ ఫైళ్లలో కింది ఫీల్డు ముందు వస్తుంది. ఈ వరుస తారుమారైతే కదిలే వస్తువు ముందుకూ వెనక్కూ ఊగుతుంది.

2011 మార్చిలో జపాన్ భూకంపం, సునామీ సెండాయ్ ప్రాంతంలోని సోనీ టేపుల కర్మాగారాన్ని దెబ్బతీశాక, ఎస్ఆర్ టేపులకు తీవ్ర కొరత ఏర్పడింది. టేపుకు బదులు ఫైలునే అందజేసే పద్ధతికి అది ఊపునిచ్చింది. ఇప్పుడు ప్రయాణం ఎదురు దిశలో సాగుతోంది. పాత టేపులను ఫైళ్లుగా మారుస్తున్నారు. టేపు యంత్రాలు ఏటికేడు అరుదవుతున్నాయి కాబట్టి, చూసుకోవడానికి హెచ్.264 కాపీ చాలు కానీ దాచుకోవడానికి 10 బిట్ల ఫైలు వేరుగా తీయాలి.