జన్యులిపి పరిశీలన సాధనములు: అక్షరము, అర్థము

పరిశోధకుడు తన కృషి ఫలితమునకే గాక, ఆ ఫలితము పరుల చేతిలో పడినపుడు కలుగు పర్యవసానమునకును కొంతవఱకు బాధ్యుడను భావము విజ్ఞానశాస్త్రములలో నేడు బలపడుచున్నది. ఆ బాధ్యతా నిర్వహణమునకు తోడ్పడుటకై అంతర్జాలమున కొన్ని సాధనములు వెలసినవి. వానిలో జన్యులిపిని పరిశీలించు సాధనములను గూర్చి ఈ వ్యాసమున వివరింప దలచితిమి. జీవశాస్త్ర విషయమునకు తెలుగు శాఖ వారి పత్రికలో ప్రసక్తి యేమని చదువరులకు సందేహము కలుగవచ్చును. ఆ సాధనములు చేయు పని పాఠములను పోల్చి చూచుట. వానికి ఎదురైన చిక్కు పర్యాయపదముల చిక్కు. ఈ రెండును మనకు చిరపరిచితములే.

డి.ఎన్.ఏ. నాలుగే అక్షరములు గల లిపి. మూడేసి అక్షరములు కలిసి ఒక పదమగును. ఇట్టి పదములు 64. వానిలో మూడు పదములు వాక్యము ముగిసినదని తెలుపు విరామచిహ్నముల వంటివి. తక్కిన 61 పదములును 20 ఆమైనో ఆమ్లములను సూచించును. ఆ ఆమ్లములను వరుసగా గ్రుచ్చిన దండయే ప్రోటీను. ఇరువది అర్థములకు అఱువదియొక్క పదములుండుటచే పర్యాయపదములు తప్పవు. ల్యూసీన్ అను ఒక్క ఆమ్లమునకే ఆరు పదములు కలవు. కావున ఒకే ప్రోటీనును పెక్కు విధముల వ్రాయవచ్చును.

ఈ లిపిని నేడు కోరినట్లు వ్రాయించుకొనవచ్చును. కావలసిన అక్షరక్రమమును అంతర్జాలము ద్వారా తయారీ సంస్థకు తెలిపినచో, వారు దానిని రసాయనికముగా కూర్చి పంపుదురు. ఔషధముల పరిశోధనకును, టీకాల తయారీకిని దీనివలన కలిగిన మేలు ఇంతింత యనరానిది. అయినను దీనికి మఱియొక ముఖము కలదు. 2002లో న్యూయార్కు రాష్ట్ర విశ్వవిద్యాలయపు స్టోనీ బ్రూక్ ప్రాంగణమున ఎకార్డ్ విమ్మర్, ఆయన సహచరులును, ఇట్లు కూర్చిన ఖండములనుండియే పోలియో వైరసును నిర్మించి చూపిరి. సుమారు 7,500 అక్షరముల ఆ పాఠము అంతకు మునుపే ప్రకటితమై యెల్లరకు అందుబాటులో నుండినది. పాఠము దొరకినచో వ్యాధికారకమును సైతము ప్రతి వ్రాయవచ్చునని దీనివలన స్పష్టమయ్యెను.

అప్పటినుండి తయారీ సంస్థలు తమకు వచ్చిన పాఠమును కూర్చుటకు ముందు పరిశీలింపవలెనను ఆలోచన బలపడినది. 2009లో కొన్ని సంస్థలు సంఘముగా ఏర్పడి ఒక ఉమ్మడి పద్ధతిని అంగీకరించినవి. 2010లో అమెరికా ప్రభుత్వము మార్గదర్శక సూచనలను వెలువరించినది. కోరిన పాఠమును 200 అక్షరముల మేర ప్రమాదకర జీవుల పాఠములతో సరిచూడవలెననియు, కోరినవారెవరో, ఏ ప్రయోజనమునకు కోరిరో విచారింపవలెననియు వాని సారాంశము. 2023 నాటి సవరణలో ఆ కొలతను 50 అక్షరములకు తగ్గింపవలెనని సూచించిరి. ఈ పనికై ఉచితముగా లభించు సాధనములు కూడ నేడు కలవు. సెక్యూర్ డి.ఎన్.ఏ. అనునది పరిశోధకుని పాఠము ఇతరులకు తెలియకుండ గూఢలిపిలోనే సరిచూచును. కామన్ మెకానిజమ్ అను దానిని జెనీవాలోని ఇబిస్ సంస్థ నిర్వహించుచున్నది. దాని నిర్మాణము నెవరైనను పరిశీలింపవచ్చును.

పదమునకు బదులు పర్యాయపదము నుంచినంత మాత్రమున ఈ సాధనములు మోసపోవు. అవి డి.ఎన్.ఏ. పాఠమును ఆమైనో ఆమ్లముల పాఠముగా మార్చియు పోల్చగలవు. అసలు చిక్కు దీనికి పై మెట్టున నున్నది. ఆమ్లములనే మార్చి, ప్రోటీను యొక్క ఆకృతిని మాత్రము నిలుపుటకు కృత్రిమ మేధ తోడ్పడుచున్నది. ఇది ఒకరి పద్యమును తీసికొని, ఒక్క మాటయు మిగులనీయక, భావమును మాత్రము దింపివేయుట వంటిది. మైక్రోసాఫ్ట్ శాస్త్రజ్ఞులు ఇతరులతో కూడి 2025లో సైన్స్ పత్రికలో ప్రకటించిన వ్యాసమున దీనిని పరీక్షించిరి. 72 హానికర ప్రోటీనులకు కంప్యూటరుపై 70 వేలకు పైగా రూపాంతరములను కల్పించి పరిశీలన సాధనములకు ఒప్పగింపగా, వానిలో పెక్కు పట్టుబడక జాఱిపోయినవి.

ఇచట ఆ పరిశోధకులు నడచుకొనిన తీరు గమనింపదగినది. వారు ఏ ప్రోటీనును ప్రయోగశాలలో తయారు చేయలేదు. లోపమును లోకమునకు చాటుటకు ముందు సాధనకర్తలకు తెలిపిరి. దిద్దుబాటు జరిగిన పిమ్మటనే వ్యాసమును ప్రకటించిరి. ప్రమాదకరమగు వివరములను వ్యాసమున చేర్పక, అర్హతను విచారించి యిచ్చునట్లు ఇబిస్ సంస్థకు అప్పగించిరి. సవరించిన సాధనములు, ముప్పు కలిగింప నెక్కువ అవకాశమున్న రూపములలో నూటికి సుమారు 97 పట్టుకొనగలిగినవి. తక్కిన మూటిని పట్టుటకు, కోరినవాని నడుగు మనుష్యుడే శరణ్యము.

ఈ యనుభవము మన పనికిని వర్తించును. 2018లో యూజీసీ చేసిన నిబంధనల ప్రకారము సిద్ధాంతవ్యాసముల పోలికను కంప్యూటరు ద్వారా పరీక్షింపవలెను. నూటికి 10 వఱకు పోలిక యున్నచో శిక్ష లేదు. కాని ఈ సాధనము చూచునది అక్షరముల పోలికను. మాటలు మార్చి భావమును హరించిన రచన దీనికి స్వతంత్ర రచనగా కన్పట్టవచ్చును. తెలుగునందు మఱియొక విశేషము కలదు. అను వంటి పూర్వపు ఖతులలో కూర్చిన పాఠము మన కంటికి తెలుగే కాని, కంప్యూటరునకు అది అన్యసంకేతముల వరుస. యూనికోడులోని గ్రంథముతో అది అక్షరాక్షరము సరిపోయినను, సంకేతములను మార్చి చూపనిచో సాధనము పోలికను గుర్తింపజాలదు. అట్టిచోట వచ్చిన సున్న చౌర్యము లేదనుటకు సాక్ష్యము కాదు. సాధనము ఆ పుటలను చదువలేదనుటకు సాక్ష్యము.

కావున పర్యవేక్షకులకు మేము సూచించునది స్వల్పము. నివేదికలోని అంకెను చూచుటకు ముందు, వ్యాసము యూనికోడులో నున్నదో లేదో చూడవలెను. అంకె తక్కువగా వచ్చినను, ఒక ప్రకరణమును విద్యార్థియెదుట తెఱచి, ఈ నిర్ణయమునకు ఎట్లు వచ్చితివి, ఏ ప్రతులను చూచితివి అని యడుగవలెను. తాను స్వయముగా చూచి వ్రాసినవాడు పుట తిరుగవేసి చూపును. దీనికి పట్టు కాలము అర్ధగంట. ఆ యర్ధగంటను మనకు మిగిల్పగల సాధన మింకను రాలేదు.