ట్రాక్టర్ మంచును ఎలా విసురుతుంది?

మన ఊళ్లలో ట్రాక్టర్ అంటే దుక్కి, దమ్ము, ట్రాలీ. అమెరికాలోని మిన్నెసోటా, వెర్మాంట్ లాంటి చోట్ల, కెనడాలో చలికాలం వచ్చిందంటే చిన్న ట్రాక్టర్‌కి ఇంకో పని పడుతుంది: ఇంటి దారి మీద మంచు తీయడం.

ముందు బ్లేడు కట్టి నెట్టేస్తే సరిపోదా? కొద్దిపాటి మంచుకైతే సరిపోతుంది. కానీ నెట్టిన మంచు ఎక్కడికీ పోదు, దారి అంచున గోడలా పేరుకుంటుంది. మళ్లీ మళ్లీ కురిస్తే నెట్టడానికి చోటే మిగలదు. అప్పుడు మంచును దూరంగా విసిరే స్నోబ్లోయర్ కావాలి.

మన రొటావేటర్‌ను తిప్పే పీటీఓ షాఫ్టే వెనక కట్టే బ్లోయర్‌నూ తిప్పుతుంది, సాధారణంగా నిమిషానికి 540 చుట్లు. మెలికలు తిరిగిన ఆగర్ మంచును కోసి మధ్యకు లాగుతుంది. దాని వెనక రెక్కల చక్రం వేగంగా తిరుగుతూ ఆ మంచును గొట్టం గుండా దూరంగా విసురుతుంది. ఇలాంటి యంత్రాన్ని 1925లో కెనడాలో ఆర్థర్ సికార్డ్ తయారుచేశాడు. కాకపోతే ఆయన దాన్ని ట్రక్కుకు అమర్చాడు.

మరి మంచులో రాయి తగిలితే? ఆగర్‌కు కావాలనే బలం తక్కువ బోల్టు బిగిస్తారు. అది తెగిపోయి, ఖరీదైన గేర్‌బాక్సును కాపాడుతుంది. నన్నడిగితే ఈ యంత్రంలో అన్నిటికంటే తెలివైన భాగం అదే!

చక్రాలు జారకుండా గొలుసులు చుడతారు. బ్లోయర్ ముందు కడితే వెనక చక్రాలు తేలిపోకుండా వెనక బరువు వేస్తారు.

గొట్టంలో తడిమంచు ఇరుక్కుంటే ఇంజిన్ ఆపి, రెక్కలు పూర్తిగా ఆగాక, కర్రతోనే తీయాలి. చెయ్యి మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు.