పైరును కాచే అక్షింతల పురుగు

పత్తి, అలసంద, వేరుశనగ చేలలో ఆకుల మీద కందిగింజంత పురుగు ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాని వీపు బోర్లించిన గిన్నెవలె నునుపుగా ఉంటుంది. నారింజ లేక ఎరుపు రంగు రెక్కలపై నల్లని మచ్చలో, వంకర గీతలో కనిపిస్తాయి. అదే అక్షింతల పురుగు. ఈ రంగులు కేవలం అలంకారం కావు; అవి పక్షులకు హెచ్చరిక. ఆపద కలిగినప్పుడు దాని కాళ్ల కీళ్ల నుండి చేదైన పసుపుపచ్చని ద్రవం స్రవిస్తుంది.

దీని ముఖ్యాహారం పేనుబంక. పేనుబంక లేత ఆకుల అడుగున గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. కొన్ని వైరస్ తెగుళ్లను మొక్క నుండి మొక్కకు చేరవేస్తుంది. ఆ గుంపుల చెంతనే అక్షింతల పురుగు పసుపు రంగు గుడ్లను గుత్తిగా పెడుతుంది. వాటి నుండి వెలువడే పిల్లపురుగులకు రెక్కలుండవు. నల్లగా, సన్నగా, చిన్న మొసలివలె ఉంటాయి. పేనుబంకను తినడంలో ఇవి తల్లికి తీసిపోవు. కాని వాటిని చీడగా భ్రమించి నలిపివేయడం కద్దు.

ఈ భ్రమకు పేరు కూడా ఒక కారణం. వంగ ఆకులలోని పచ్చదనాన్ని గీకి తినే చీడను సైతం అక్షింతల పురుగు అనే పిలుస్తారు. దాని వీపుపై సన్నని నూగు ఉండడం వల్ల మెరుపు ఉండదు. మచ్చలు చాలా ఎక్కువ, ఒక జాతికి 28 వరకు ఉంటాయి. దాని పిల్లపురుగు పసుపు రంగులో, ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. ఈ భేదం తెలిసినవాడు మిత్రుణ్ణి శత్రువుగా ఎంచడు.

పురుగుమందుకు మాత్రం ఈ విచక్షణ లేదు. చాలా మందులు రెండింటినీ చంపుతాయి. పేనుబంక వారం పది రోజులలోనే పెరిగి పిల్లలను కంటుంది. అక్షింతల పురుగు గుడ్డు దశ నుండి ఎదగడానికి సుమారు రెండు మూడు వారాలు పడుతుంది. కనుక మందు ప్రభావం తగ్గగానే చీడ ముందుగా విజృంభిస్తుంది. దానిని అదుపు చేసేవి చేనులో మిగలవు.

ఇందుకు అమెరికాలోని కాలిఫోర్నియా తోటల అనుభవమే నిదర్శనం. అక్కడ నారింజ, నిమ్మ తోటలను నాశనం చేస్తున్న పొలుసు పురుగును అణచడానికి, 1888-89లో ఆస్ట్రేలియా నుండి ఈ కుటుంబానికే చెందిన ఒక ఎర్రని పురుగును తెప్పించి వదిలారు. కొద్దికాలంలోనే తోటలు కోలుకున్నాయి. 1940వ దశకంలో డి.డి.టి. చల్లగా ఆ మిత్రపురుగులు నశించి, పాత చీడ తిరిగి తలెత్తింది.

కనుక మందు చల్లే ముందు ఆకులను తిరగవేసి చూడాలి. పేనుబంకతోపాటు ఈ పురుగులు, వాటి పిల్లలు తగినన్ని ఉండి, పైరు ఇంకా దెబ్బతినకపోతే కొద్ది రోజులు ఆగడం మేలు. పత్తిలో అలసంద, గట్ల వెంబడి జొన్న వేస్తే వాటికి ఆశ్రయం దొరుకుతుంది. కూలి అడగని కాపలాదారును చేజేతులా చంపుకుని, ఆ పనికే మందు కొనడం రైతుకు రెండు విధాల నష్టం.