చేపల తొట్టిలో పిలవని చుట్టాలు

చేపల తొట్టి పెట్టుకున్న వాళ్ళు మన సభ్యుల్లో చాలామందే ఉన్నారు. వారందరికీ ఏదో ఒకనాడు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "ఈ పాచి ఏమిటండీ?" బళ్ళారిలో ఉన్నందుకు ఒక సదుపాయం ఉంది. పాచిని కన్నడంలోనూ పాచి అనే అంటారు కనుక అంగడివాడికి చెప్పడానికి ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఆ తర్వాతే. పాచి ఏదైనా ఆయన చేతికిచ్చే సీసా ఒకటే. అందులో రాగి మందు ఉంటే పాచి సంగతి ఎలా ఉన్నా నత్తలు, రొయ్యపిల్లలు ముందు పోతాయి.

అద్దం మీద పట్టే మామూలు పచ్చ పాచి గీకితే వస్తుంది. కొత్త తొట్టిలో కనిపించే గోధుమ రంగు పొర కొన్ని వారాల్లో తానే తగ్గుతుంది. వాటిని వదిలేద్దాం. చిక్కంతా అరుదుగా వచ్చే వాటితోనే.

ఇసుక మీద, మొక్కల మీద నీలం కలిసిన ముదురు పచ్చ రంగులో దుప్పటి పరిచినట్టు జిగట పొర వచ్చి, వేలితో లాగితే తెట్టులా ఊడి, మురుగు వాసన వేస్తే అది అసలు నాచే కాదు. నీలి-ఆకుపచ్చ శైవలం అని పేరుండే బాక్టీరియా జాతి. తుంగభద్ర రిజర్వాయరు నీరు కొన్నేళ్ళు వానాకాలం వెళ్ళాక పచ్చగా మారడానికి కారణమని చెప్పేదీ ఈ జాతినే. పొలాల ఎరువులు, ఊళ్ళ మురుగు అక్కడ చేసే పనిని మన తొట్టిలో మిగిలిపోయిన మేత చేస్తుంది. దీనికి యాంటీబయాటిక్ వేయమనే సలహా కూడా వినిపిస్తుంది. నేను దానికి వ్యతిరేకిని. వడపోతలో ఉండి చేపల మలినాన్ని విరగ్గొట్టే మేలు బాక్టీరియాకూ దానివల్ల దెబ్బ తగలవచ్చు. ముందు గొట్టంతో పొరను పీల్చి పారేసి, మూడోవంతు నీరు మార్చి, నల్లగుడ్డ కప్పి మూడు నాలుగు రోజులు చీకటిలో ఉంచండి. గాలి పంపు మాత్రం ఆపకూడదు. పాచి చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ తగ్గిపోతుంది. మన ఎండాకాలంలో వేడి నీటిలో అసలే అది తక్కువ. కరెంటు పోయే వేళల్లో ఈ వైద్యం పెట్టుకోవద్దు.

ఇక నల్ల కుచ్చులు. కర్రముక్కల మీద, ఆకుల అంచుల మీద బ్రష్షు వెంట్రుకల్లా నిలబడతాయి, గీకినా రావు. రంగు నలుపైనా వర్గం ఎర్ర నాచు. అనుమానం తీరాలంటే ఒక కుచ్చును సర్జికల్ స్పిరిట్‌లో కొన్ని గంటలు ఉంచండి. పచ్చరంగు కరిగిపోయి ఎరుపు బయటపడుతుంది. బ్యాంకులో సంతకం సరిచూసుకున్నంత నమ్మకమైన పరీక్ష ఇది! పట్టిన ఆకులను కత్తిరించాలి. కర్రనూ రాయినీ బయటికి తీసి, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ బ్రష్షుతో రాసి, కొన్ని నిమిషాలాగి, బాగా కడిగి పెట్టాలి.

అన్నిటికంటే నాకు ముచ్చట గొలిపేది వల నాచు. జాలరి వలే చిన్నదై తేలుతున్నట్టుంటుంది. ఐదారు కణాలు అంచులు కలుపుకుని ఒక్కో కన్ను కడతాయి. ముదిరిన కణం లోపలే బుల్లి వల తయారై, గోడ విడిపోగానే బయటికి వస్తుంది. అప్పు మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ అన్నమాట. అందుకే ఒక చిన్న ముక్క మిగిలినా మళ్ళీ అల్లుకుంటుంది. చేపపిల్లలు ఇందులో చిక్కుకుపోతాయి. మందులకంటే చెయ్యే మేలు. పాత టూత్‌బ్రష్షుకు చుట్టి తీసేసి, దీపం రోజుకు ఆరేడు గంటలకు తగ్గించండి.

వేళ్ళ మధ్య జారిపోయే పట్టుదారంలా ఉంటే అది స్పైరోగైరా. గరుకుగా, నూలుపోగులా ఉంటే క్లాడోఫోరా. పిల్లల బడిలో సూక్ష్మదర్శిని ఉంటే ఒక పోగు చూపించమనండి. స్పైరోగైరా కణంలో పచ్చని రిబ్బను మెలి తిరిగి కనిపిస్తుంది. మను ప్రకాశ్ బృందం 2014లో ప్రకటించిన కాగితపు మైక్రోస్కోపు ఫోల్డ్‌స్కోప్‌తోనైనా చాలు. మన బళ్ళారి మదరాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో అక్కడి విశ్వవిద్యాలయంలో ఎం.ఓ.పి. అయ్యంగారు ఈ నాచుల మీదే జీవితం గడిపారు. ఆయన శిష్యుడు దేశికాచారి నీలి-ఆకుపచ్చ శైవలాల మీద రాసిన గ్రంథం 1959లో వచ్చింది. అంటే ఇది పనిలేనివాళ్ళ విషయం కాదని మా ఆవిడకు చెప్పడానికి నాకు ఆధారం.

చివరగా, పాచి తింటుందని అమ్మే సక్కర్ చేప. కొన్నప్పుడు వేలెడు, పెరిగితే అడుగు దాటుతుంది. నల్ల కుచ్చులనూ, నీలి పొరనూ అది ముట్టదు. పెద్దదై తొట్టి చాలనప్పుడు కాలువలో వదిలేసే వాళ్ళున్నారు. ఆంధ్రలో చేపల రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేది దీని జాతినే. మన తుంగభద్ర కాలువలు ఇక్కడితో ఆగవు. ఎగువ కాలువ అనంతపురం వైపు, దిగువ కాలువ ఆదోని, కర్నూలు వైపు పోతాయి. అక్కడ ఉన్నది మన చుట్టాలే. చేప వద్దనుకుంటే అంగడికే తిరిగి ఇవ్వండి. తీసిన పాచిని ఎండలో బాగా ఎండబెట్టి కుండీలలో వేయండి. తొట్టిలోంచి తోడిన నీళ్ళు మందారానికీ మల్లెకూ పోయండి.